రోటి చప్పుడు – పదకొండో భాగం

పోయిన వారం పెద్దకోడల్ని ఒక కాలు బస్సు మెట్టు మీద, ఇంకో కాలు గాల్లో ఉండగా వదిలిపెట్టాం. పాపం, ఆ రెండో కాలు ఇప్పుడే కింద పెట్టింది. వెనకాలే తోటికోడలూ దిగింది, చెప్పు ఒకటి బస్సులో ఉండిపోతే మళ్ళీ ఎక్కి తెచ్చుకుని.

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు. రెండేళ్ళ క్రితం అత్తగారు స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా చేతికి పట్టు రాలేదంది. గ్లాసెత్తలేదు, జడ వేసుకోలేదు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేదు. ఆసుపత్రి ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా జనం చేతుల్లోంచి రక్తం తీసే పెద్దకోడలు ఆ పని మానేసి, ఇంట్లో ఆవిడకు చెయ్యి అయింది. మంగళ, శుక్రవారాల మధ్యాహ్నాలు అత్తగారు ఫిజియోథెరపీకని బయల్దేరుతుంది. ఒక్కతే వెళ్తుంది. ‘నేనేమన్నా బడికెళ్ళే పిల్లనా, వెంట రావడానికి?’ అంటుంది. పోయిన శుక్రవారం ఆవిడ కళ్ళజోడు మరిచిపోతే పెద్దకోడలు అక్కడికి ఫోన్ చేసింది. ‘ఆవిడా? ఆవిడకి నయమైపోయి ఏడాది దాటిందండీ’ అంది ఫోనెత్తిన అమ్మాయి.

ఈ గొడవ ఒకవైపు. ల్యాబులో పాత కుర్చీ ఖాళీ కావడం ఇంకోవైపు. వస్తావా రావా, ఇవాళ నాలుగింటిలోపు చెప్పమంది ల్యాబు పెద్దావిడ. రాకపోతే ఇంకొకరిని తీసుకుంటారు, ఆ వయసులో పెద్దకోడలికి మరో కుర్చీ ఎవరూ వెయ్యరు. వెళ్తే మాత్రం అత్తగారు చిన్నకోడలి ఇంటికి మారాలి. అది ఇంట్లో అందరూ కూర్చుని అనుకున్న మాట. ‘అమ్మ చెయ్యి సంగతి ఆలోచించి చెప్పు’ అన్నాడు మొగుడు, పేపరు మడుస్తూ. రాలేనని చెప్పడానికే మనసు గట్టి చేసుకుంది పెద్దకోడలు, కళ్ళజోడు రోజు వరకూ.

ఇక ఇవాళ శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నర.

“అదిగో, ఆ సందులోకే తిరిగారు అత్తయ్య” అంది చిన్నకోడలు, కొంగు తల మీదికి లాక్కుని.

“తల మీద కొంగెందుకే? ఎవరు గుర్తుపడతారు నిన్నిక్కడ?”

“దొంగని పట్టేటప్పుడు ఇలాగే వెళ్తారక్కా.”

“కొంగు కప్పుకునేది దొంగ. పట్టేవాళ్ళు కాదు.”

చిన్నకోడలు నవ్వింది గాని ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. పొద్దున్నుంచీ అంతే. ఇంట్లో రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని వీధి మొత్తానికి బట్టలు కుట్టే మనిషి, నోటికి క్షణం విశ్రాంతివ్వని మనిషి, బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అత్తగారి సంగతి బయటపడుతుందని బెంగ కాబోలు అనుకుంది పెద్దకోడలు.

సందులో ఒకవైపు ఫోన్లు బాగుచేసే కొట్లు, ఇంకోవైపు స్టీలు సామాన్ల గోదాములు. ట్రాలీలు, మోటారుసైకిళ్ళు, నెత్తిన అట్టపెట్టెలు పెట్టుకున్న మనుషులు. చివర్న రెండు షట్టర్ల దుకాణం, ముందు నీలం పట్టా పందిరి. బోర్డు మీద గుండ్రంగా చుట్టుకున్నట్టుండే విదేశీ అక్షరాలు, కింద ‘థాయ్ వీధి భోజనం’ అని మనకర్థమయ్యే అక్షరాలు. పందిరి కింద మడత బల్లలు, ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ళు. మెళ్ళో ఆఫీసు కార్డులు వేలాడుతున్నవాళ్ళు, ఒళ్ళో హెల్మెట్లు పెట్టుకున్నవాళ్ళు మోచెయ్యి మోచెయ్యి రాసుకుంటూ తింటున్నారు. పెద్ద మూకుడు కింద మంట విమానంలా హోరుమంటోంది.

అత్తగారు లేదు.

పెద్దకోడలు ఒక్కో బల్లా చూసింది. రక్తం తీసేవాళ్ళ చూపు అది. ముఖం చూడదు, చేతులు చూస్తుంది. చెంచా పట్టుకున్న చేతులు, సీసా వంచుతున్న చేతులు, ఫోను గీకుతున్న చేతులు. ముప్ఫై జతల చేతుల్లో ఆ లేత నీలం నరాల ముసలి చెయ్యి ఒక్కటీ లేదు.

“ఈ పందిరి కిందికి రావడం చూశాం కదా?”

“చూశాం.”

“బయటికి వెళ్ళడం చూడలేదు కదా?”

“లేదు. అంటే ఆవిరైపోయారు” అంది చిన్నకోడలు. “పద అక్కా, వెళ్ళిపోదాం. తరవాత ఇంట్లోనే మెల్లిగా అడుగుదాం.”

“కూర్చో.”

దుకాణం యజమానురాలు వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి ముఖం, నడుముకు తువ్వాలు. పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి నేర్చుకున్న మాట, కత్తిపీట మీద తరిగినట్టు ముక్కలు ముక్కలుగా వస్తుంది.

“ఇద్దరు? కూర్చో. నూడిల్ బాగుంది. బొప్పాయి బాగుంది. మిరపకాయ ఎన్ని?”

“ఎన్ని అంటే?”

“బొప్పాయికి మిరపకాయ లెక్క. సున్నా, ఒకటి, మూడు.”

“ఐదు వెయ్యి” అంది చిన్నకోడలు పరువుకు పోయి.

యజమానురాలు ఆమెను కిందినుంచి పైకి చూసింది. “ఐదు?”

“మా ఇంట్లో మేం తినే కారం ముందు మీదెంత.”

“సరే. ఏడుపు వస్తే నాకు చెప్పకు.”

ఆవిడ వెళ్ళి అక్కడే, అందరి ముందూ, ఎత్తైన మట్టిరోట్లో మిరపకాయలు, వెల్లుల్లి వేసి చెక్క రోకలితో నలిపి, పచ్చి బొప్పాయి కోరు వేసి గరిటెతో తిరగేస్తూ దంచసాగింది. ధబ్, ధబ్ అని మెత్తటి చప్పుడు. ఆవిడ కళ్ళు మాత్రం మధ్యమధ్య వీళ్ళ బల్ల మీదికొస్తున్నాయి. చూసి వెంటనే వెనక గోడకున్న పూలతెర వైపు వెళ్తున్నాయి. పెద్దకోడలు ఆ చూపు దారిని రెండుసార్లు గమనించింది.

“తెర వెనక ఏముందో?”

“వంటిల్లుంటుంది. ఇంకేముంటుంది?” అంది చిన్నకోడలు. “అక్కా, నాకొకటి అనిపిస్తోంది. అత్తయ్యకి ఎవరో స్నేహితుడు…”

“ఛీ. డెబ్భై దగ్గరపడుతున్న మనిషి.”

“అదే కదా, తొందరపడాల్సిన వయసు.”

పెద్దకోడలికి నవ్వు రాలేదు. రెండేళ్ళుగా ఆవిడ ఒంటి మీద తన చెయ్యి పడని చోటు లేదు. వీపు రుద్దింది. గోళ్ళు కత్తిరించింది. ఏ రోజు ఏ చీర కట్టుకుందో, దానికి ఎన్ని పిన్నులు పెట్టిందో తనకు తెలుసు. అలాంటి మనిషి వారానికి రెండుసార్లు తనకు తెలియని చోటికి, తనకు తెలియని వాళ్ళ దగ్గరికి వెళ్తోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అసలు దొంగిలిస్తున్నది ఏమిటో తెలిస్తే కదా పట్టడానికి.

నూడిల్స్, బొప్పాయి వచ్చాయి. బల్ల మధ్యలో చిన్న బుట్టలో నాలుగు సీసాలు. పంచదార, ఎండు మిరపపొడి, వెనిగర్లో నానిన మిరప చక్రాలు, చేపలు ఊరబెట్టిన ఉప్పునీళ్ళలో నానినవి. చిన్నకోడలు మిరపపొడి సీసా అందుకోగానే యజమానురాలు అక్కడినుంచే అరిచింది.

“ముందు నోట్లో పెట్టు! తరవాత వెయ్యి! చూడకుండా వేస్తే వంటకి అవమానం.”

“చూశావా, మన అత్తయ్య కంటే గట్టిగా ఉంది” అంటూనే చిన్నకోడలు చెంచాడు బొప్పాయి నోట్లో పెట్టుకుంది. ఒకటి, రెండు లెక్కపెట్టేలోపు ఆమె ముఖం టమాటా అయింది. ముక్కులోంచి, కళ్ళలోంచి ధారలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వేళ్ళతో నీళ్ళ జగ్గును చూపించింది. పక్క బల్ల మీది హెల్మెట్టు అబ్బాయిలు జాలిపడి తమ గ్లాసులు కూడా ఇటు జరిపారు.

సరిగ్గా అప్పుడు మూకుడు కింద మంట తగ్గింది. హోరు ఆగింది. తెర వెనక నుంచి ఇంకో చప్పుడు వినిపించింది.

అది మట్టిరోటి చప్పుడు కాదు. రాతి మీద రాయి పడుతున్న చప్పుడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. తరవాత ఒక ‘గర్ర్’. మళ్ళీ మూడు పోట్లు, మళ్ళీ ఒక గీకుడు.

పెద్దకోడలి చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

కాపురానికి వచ్చిన మొదటి పదిహేనేళ్ళూ ఆమెను నిద్రలేపింది గడియారం కాదు, ఈ చప్పుడు. ఇంట్లో మిక్సీ ఉన్నా అత్తగారు తెల్లవారకుండానే రాతిరోట్లో పొడులు దంచేది. ఆ రోటికి కుడివైపు అంచు పగిలి ఉండేది. రాతిపలుకు పొడిలో పడుతుందని ఆవిడ రోకలిని ఎడమకు వంచి మూడు పోట్లు వేసి, నాలుగోసారి ఎడమ గోడ పొడుగునా గీకి, జారింది మధ్యకు తెచ్చేది. చెవుల మీద తలగడ పెట్టుకుని ఎన్నిసార్లు తిట్టుకుందో ఆ చప్పుడుని. మంచి రోలు కొనిచ్చినా ఆవిడ చెయ్యి మారలేదు. లేని పగులును తప్పించుకుంటూనే దంచింది. లోకంలో అందరి రోళ్ళూ మోగుతాయి గాని, ఇలా కుడివైపు కుంటుతూ మోగేది ఒక్క మనిషి చేతిలోనే.

ఇంట్లో ఆ రోలు రెండేళ్ళుగా బాల్కనీ తలుపు కొట్టుకోకుండా అడ్డుగా పడి ఉంది.

“వింటున్నావా?” అంది పెద్దకోడలు.

చిన్నకోడలు మాట్లాడే స్థితిలో లేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది. వినలేదనో, వెళ్ళొద్దనో.

పెద్దకోడలు లేచింది. యజమానురాలు గరిటె పట్టుకునే అడ్డం వచ్చింది.

“అటు కస్టమర్ వెళ్ళకూడదు.”

“నేను కస్టమర్ని కాదు. లోపలున్నావిడ కోడల్ని.”

యజమానురాలు ఆమె ముఖం చూసింది. చూపు చేతుల మీదికి దింపింది. గరిటె పక్కకు తప్పించింది. “అమ్మమ్మ చెప్పింది. సూది కోడలు. నువ్వే కదా? నొప్పి తెలియకుండా రక్తం తీస్తుందంట” అంది మెల్లిగా. ఆ గొంతులో జాలి ఉంది. అది పెద్దకోడలికి కారం కంటే ఎక్కువ మండింది. తన గురించి ఇక్కడ అందరికీ తెలుసు. తనకే ఏమీ తెలియదు.

తెర తీసింది.

చిన్న గది. గోడ పొడుగునా కొబ్బరిపాల డబ్బాలు, చెక్క బల్ల మీద నిమ్మగడ్డి కట్టలు. కింద పొట్టి స్టూలు మీద అత్తగారు కూర్చుని ఉంది. పాదాల మధ్య నల్లరాతి రోలు. నెత్తిన ప్లాస్టిక్ టోపీ, దాని కిందనుంచి జడ. పొద్దున తను చిక్కుతీసి, మూడు పాయలు చేసి అల్లిన జడ. ఎడమ అరచెయ్యి రోటి మూతికి అడ్డం పెట్టి, కుడి చేత్తో మూడు కిలోల రాతి రోకలి ఎత్తుతోంది. దించుతోంది. మోచెయ్యి వణకడం లేదు. మణికట్టు ఎత్తినప్పుడల్లా తాడులా నరం లేస్తోంది.

అత్తగారు తలెత్తి చూసింది. రోకలి ఆపలేదు.

“ఇంకో ఇరవై పోట్లున్నాయి. మధ్యలో ఆపితే గడ్డి నార నారగా ఉండిపోతుంది” అంది.

పెద్దకోడలు నిలబడింది. ఇరవై పోట్లూ నిలబడింది. ఎందుకు నిలబడిందో తరవాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు. బహుశా ఎవరి పనైనా మధ్యలో ఆపకూడదన్న ల్యాబు అలవాటు కాబోలు. సూది నరంలో ఉన్నప్పుడు పిలిచినా పలకరు కదా.

అత్తగారు రోకలి పక్కన పెట్టి తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

“పొద్దున మీ జాకెట్టుకి హుక్కులు పెట్టాను” అంది పెద్దకోడలు.

“పెట్టావు.”

“ఐదు హుక్కులు. రోజూ. రెండేళ్ళు.”

“అవును.”

“నిన్న రాత్రి అన్నం చెంచాతో ఎడమచేత్తో తిన్నారు. ఒక మెతుకు కింద పడితే ‘నా ఖర్మ’ అన్నారు. నేను తీశాను ఆ మెతుకు.”

అత్తగారు తల దించుకుంది. “అది కొంచెం ఎక్కువైంది” అంది.

వెనక తెర కదిలింది. చిన్నకోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఎర్రటి కళ్ళతో వచ్చి గోడకు ఆనుకుంది. రోలుని చూసింది, అత్తగారిని చూసింది. “అత్తయ్యా! మీరా!” అంది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

“ఐదు వేయించుకున్నావా?” అంది అత్తగారు ఆమెను చూసి. “పంచదార నోట్లో వేసుకో. నీళ్ళతో తగ్గదు.”

పెద్దకోడలు అత్తగారి ఎదురుగా బియ్యం బస్తా మీద కూర్చుంది. చెయ్యి చాపింది. రోజుకు యాభైమంది ముందు చాపిన చెయ్యి అది.

“పట్టుకోండి. గట్టిగా.”

“ఎందుకే ఇప్పుడు?”

“పట్టుకోండి అత్తయ్యా.”

అత్తగారు పట్టుకుంది. మిరప ఘాటు, నిమ్మగడ్డి వాసన. వేళ్ళు బిగిశాయి. పెద్దకోడలి ఉంగరం పక్కవేలిలో దిగేంతగా బిగిశాయి. పద్దెనిమిదేళ్ళు వేలమంది చేత పిడికిలి బిగించమన్న మనిషి, ఈ చేతిని ఒక్కసారి కూడా బిగించమనలేదు. నూనె రాసింది, కాపడం పెట్టింది, నరం చూసి ‘రక్తం బాగానే ఆడుతోంది’ అని సంతోషించింది. పట్టు చూడలేదు. పెద్దావిడ లేదంటే లేదనుకుంది. ఇంటి మనిషి మాటకు పరీక్ష ఏమిటని.

“ప్రతిరోజూ భయపడ్డాను” అంది అత్తగారు, చెయ్యి వదలకుండానే. “ఇవాళ ఇది పిడికిలి పట్టమంటుంది, ఇవాళ దొరికిపోతాననుకుంటూ. నువ్వు అడగలేదు.”

“అడగనందుకు తప్పు నాదా?”

“అలా అనలేదు.”

“మరి ఎవరిది? చెప్పండి. నా ఉద్యోగం పోయింది. ల్యాబులో నన్ను దోమ అనేవాళ్ళు. కుట్టినట్టే తెలియదని. పసిపిల్లలకి నరం దొరక్కపోతే మూడో అంతస్తు నుంచి పిలిపించేవాళ్ళు నన్ను. ఆ పేరే మరిచిపోయాను అత్తయ్యా. ఇంట్లో నన్ను ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు. ‘ఏమోయ్, అమ్మకి నీళ్ళు’ అంటారు.” ఆమె గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది వినడానికి. “మీకు నా మీద కోపమా? ఏం చేశాను?”

“నీ మీద కోపమెందుకే నాకు.”

“మరి?”

అత్తగారు రోట్లో పచ్చటి ముద్దను వేలితో సర్దింది. రొయ్యల ముద్ద కలపడానికి యజమానురాలు డబ్బా పట్టుకుని తెర దాకా వచ్చి, ముగ్గురి ముఖాలూ చూసి, డబ్బాతోనే వెనక్కి వెళ్ళిపోయింది.

“కట్టు విప్పిన మూడు నెలలకి పట్టు వచ్చింది” అంది అత్తగారు. “ఒకరోజు పొద్దున్నే నిండు గ్లాసు ఎత్తాను. ఎంత సంతోషమో. నువ్వు స్నానానికి వెళ్ళావు. ఎదురుగా మీ ఆయన ఉన్నాడు. ‘ఒరే, చూడరా’ అన్నాను. వాడు చూశాడు. గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. ‘అమ్మా, కొన్నాళ్ళు చెప్పకు’ అన్నాడు.”

బయట మూకుడు మంట మళ్ళీ హోరెత్తింది. పెద్దకోడలు ముందుకు వంగింది.

“ఏమన్నాడు?”

“‘తను ఇంట్లో ఉంటే ఇల్లు ఇల్లులా ఉందమ్మా. వేళకి అన్నీ జరుగుతున్నాయి. నీ చెయ్యి బాగుందంటే రేపే వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళే’ అన్నాడు. కొన్నాళ్ళే కదా అనుకున్నాను. తరవాత చెప్పడానికి సిగ్గేసింది. ఆపైన ఇంకా సిగ్గేసింది. అబద్ధం పాత చుట్టం లాంటిది, రోజులు గడిచేకొద్దీ పొమ్మనలేం.”

“మీకు బాధ అనిపించలేదా?”

అత్తగారికున్న ఒకే ఒక మంచి గుణం, అడిగితే నిజం చెప్పడం. అడిగేదాకా చెప్పకపోవడం చెడ్డగుణం.

“బాధా ఉంది, హాయీ ఉంది. ఎందుకబద్ధం. నా పెళ్ళయ్యాక నా తల ఎవరూ దువ్వలేదు. నువ్వు దువ్వుతుంటే కళ్ళు మూతలు పడేవి. పోగొట్టుకోబుద్ధి కాలేదు.” ఆవిడ రోకలి మీద చెయ్యి వేసింది. “కాని ఈ చేతులు ఊరుకోవు. ఒకరోజు ఫిజియోథెరపీ నుంచి వస్తూ దాహానికి ఇక్కడ ఆగాను. లోపల ఎవరో దంచుతున్నారు. ఎంత చెత్తగా దంచుతున్నారో! తడిది ముందు వేసేసి, పొడిది తరవాత వేసి… వినలేకపోయాను. లేచి వచ్చి లాక్కున్నాను. అంతే.”

పెద్దకోడలు మొగుడి ముఖం గుర్తు తెచ్చుకుంటోంది. మంచివాడని ఊరంతా అనుకునే ముఖం. గట్టిగా మాట్లాడడు, చెయ్యెత్తడు, తాగడు. మొన్న రాత్రి కూడా ‘ఉద్యోగం నీ ఇష్టం’ అన్నాడు ఎంతో మెత్తగా. ‘అమ్మ చెయ్యి సంగతి ఆలోచించి చెప్పు’ అన్నాడు. తెలిసే అన్నాడు. గ్లాసెత్తడం కళ్ళారా చూసి అన్నాడు.

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

ఫోన్ తీసింది.

“అక్కా, ఇప్పుడే ఎందుకు?” అంది చిన్నకోడలు. గొంతు ఇప్పుడు బాగానే వచ్చింది. “కోపంలో ఉన్నావు. ఇంటికి వెళ్ళి బావగారితో మాట్లాడి…”

“నాలుగింటికి గడువు.”

“రేపు చేస్తే తల పోతుందా?”

“ఉద్యోగం పోతుంది” అని నంబరు నొక్కింది పెద్దకోడలు. రెండు మోతలకే ల్యాబు పెద్దావిడ ఎత్తింది. ఆవిడ గొంతు ఎప్పుడూ స్పీకరులోంచి వచ్చినట్టే ఉంటుంది, గదిలో అందరికీ వినపడింది.

“ఏమ్మా దోమా! బాగున్నావా?”

ఆ పిలుపుకు పెద్దకోడలి కళ్ళు చెమర్చాయి. “బాగున్నానండీ. నేను వస్తున్నాను. సోమవారం నుంచి.”

అవతల కాగితాలు కదిలిన చప్పుడు.

“ఇదేంటమ్మా? రాలేనని రాసిచ్చావుగా.”

“నేనా?”

“పొద్దున పదింటికి మీ ఆయన తెచ్చిచ్చాడు. ‘ఇంటి పరిస్థితుల వల్ల చేరలేను, వేరే వారిని తీసుకోగలరు’ అని. నేను ఎంత బాధపడ్డానో. కింద నీ సంతకం కూడా ఉంది.”

అత్తగారి చెయ్యి రోకలి మీదనుంచి జారింది.

“నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదండీ” అంది పెద్దకోడలు.

ల్యాబు పెద్దావిడ గొంతు తగ్గింది. “చూడమ్మా, ఫోన్లో చెబితే చెల్లదు. ఐదింటికి ఈ కాగితాలు పైకి పంపాలి. అంతలోపు వచ్చి నా ఎదురుగా సంతకం పెట్టి చూపిస్తే, ఇది పక్కన పెట్టి నిన్ను చేర్చుకుంటాను. కాని ఒక మాట. ఇది నీది కాదని నువ్వు రాసిచ్చాక, మరి పెట్టినవాళ్ళెవరని పైవాళ్ళు అడుగుతారు. ఊరికే పోదు. ఆలోచించుకుని బయల్దేరు.”

ఫోను ఆగిపోయింది. గదిలో కొబ్బరిపాల డబ్బాల మధ్య ముగ్గురు ఆడవాళ్ళు. వెళ్తే మొగుడి పేరు ఆ ఆసుపత్రి కాగితాల్లోకి ఎక్కుతుంది. వెళ్ళకపోతే రేపట్నుంచి ఐదు హుక్కులు ఉండవు గాని, ఇంకేదో వస్తుంది. ఎవరిదో కాలు, ఎవరిదో నడుము. ఇల్లు ఇల్లులా ఉండడానికి ఎప్పుడూ ఎవరిదో ఒక చెయ్యి పడిపోతూనే ఉంటుంది.

పెద్దకోడలు లేచి కొంగు నడుముకు దోపుకుంది.

“బస్సు పట్టుకుంటే ఇరవై నిమిషాలు. వెళ్తున్నాను.”

అత్తగారు కూడా లేచింది. టోపీ తీసి డబ్బాల మీద పెట్టి, కుళాయి కింద చేతులు కడుక్కుంది. రెండు చేతులూ, ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ. “నేనూ వస్తాను. రేపు వాడు కాదంటే చెప్పడానికి నోరుండాలిగా. చెయ్యి నాది, చెప్పాల్సింది నేను.”

“మీ అబ్బాయికి వ్యతిరేకంగా చెబుతారా?”

“చెబుతానో లేదో అక్కడికెళ్ళాక చూద్దాం. ముందు నడువు, నేను మాట మార్చేలోపు.”

పెద్దకోడలు తెర ఎత్తింది. అత్తగారు వంగి బయటికి వచ్చింది. మూడో మనిషి రాలేదు.

“రావేం?” అంది పెద్దకోడలు వెనక్కి చూసి.

చిన్నకోడలు గోడకే ఆనుకుని ఉంది. కారం ఎప్పుడో దిగిపోయింది గాని కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

“నేను రాను అక్కా.”

“ఎందుకని?”

“నువ్వు ఉద్యోగానికి వెళ్తే అత్తయ్య మా ఇంటికి వస్తారన్నారు కదా. నాకున్నవి రెండే గదులు. ఒకటి మాకు, ఒకటి మిషన్లకి. ఆవిడకి మంచమేస్తే మిషన్లు ఎక్కడ పెట్టను? కట్టుకునే చీర దగ్గర్నుంచి అన్నీ ఆ మిషన్ల మీదే కదా. అత్తయ్య చెయ్యి బాగుందని అప్పటికి నాకేం తెలుసు? బావగారు వచ్చి, మీ అక్క మనసులో మాట ఇదే, నోటితో చెప్పలేకపోతోంది, నువ్వు సాయం చెయ్యి అన్నారు.”

“ఏం సాయం?”

“ఉత్తరం రాయమన్నారు. రాశాను.”

పెద్దకోడలి చేతిలోంచి తెర జారిపోయింది. వాళ్ళిద్దరూ లోపల, అత్తగారు బయట.

“ఉత్తరం నువ్వు రాశావు. సరే. సంతకం ఎవరు పెట్టారు?”

చిన్నకోడలు తన కుడిచేతిని కొంగులోకి లాక్కుంది.